కరువు లెక్కల్లోకి ఎక్కని ముసలమ్మలు

అనంతపురం కరువు గురించి రాసినవాళ్లు లెక్కలకి లోటు చెయ్యలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, లక్షల హెక్టార్ల వేరుశనగ, ఎండిపోయిన బోర్లు, అప్పులు, 1997 తర్వాత వరసగా రైతుల ఆత్మహత్యలు. ఈ కాగితాలన్నిటిలో అరవై దాటిన స్త్రీ కోసం కొన్నాళ్లుగా వెతుకుతున్నాను. చనిపోయిన రైతుకి తల్లిగా ఆమె కన్పిస్తుంది. తన ప్రాణం తానే తీసుకున్నప్పుడు మాత్రం ఆమెని రైతుగా రాసిన కాగితం దొరకడం కష్టం.

ఈ జిల్లా పుట్టిందే ఒక మహా కరువు తర్వాత. 1876-78 ధాతు కరువు బళ్లారి ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1882లో బళ్లారి నుంచి అనంతపురం విడివడింది. ఈ మధ్యలో, 1880లో, కరువు కమిషన్ జనాన్ని రెండుగా విడదీసింది. పని చెయ్యగలిగినవాళ్లకి కరువు పనులు, చెయ్యలేనివాళ్లకి ఉచిత సాయం. ముసలివాళ్లు రెండో వరసలో నిలబడ్డారు. అప్పట్నించీ సర్కారు భాషలో వృద్ధాప్యమంటే చేతకానితనమే.

చేలో సంగతి వేరు. కొర్ర, సజ్జ, ఉలవ పండించిన రోజుల్లో ఏ విత్తనం దాచాలో, బూడిద కలిపి ఎలా నిలవచెయ్యాలో తెలిసింది ఇంట్లో పెద్దామెకి. ఆ తెలివే ఇంట్లో ఆమె మాటకి విలువ తెచ్చింది. వేరుశనగే లోకమయ్యాక విత్తనం సబ్సిడీ మీద బయటినుంచి వచ్చింది, పంట మార్కెట్టుకి పోయింది, ఆమెకి కాయలు ఒలిచే పని మిగిలింది. వయసులో ఉన్నవాళ్లు బెంగుళూరికో కేరళకో గల్ఫ్‌కో వలసపోతే, మనవళ్లూ గొడ్లూ ఆమె వంతయ్యారు. ఎన్నేళ్లు సేద్యం చేశావని మా పెద్దమ్మని అడిగితే నవ్వేసింది. "నాదేం సేద్యమమ్మా, ఊరికే చేన్లోకి పోయొస్తాంటి."

ప్రభుత్వం కూడా ఆమెని అలాగే చూసింది. 2004 జూన్‌లో వచ్చిన జి.ఓ. 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ఇస్తానంది. ఆర్డీవో కమిటీ ముందు పాసు పుస్తకం, అప్పు కాగితం రెండూ ఉండాలి. భూమి భర్త పేరనో కొడుకు పేరనో ఉన్న స్త్రీకి అవెక్కడివి? అనంతపురం పోలీసు రికార్డుల్లో రైతుల చావులు "కడుపునొప్పి" పేరుతో నమోదయ్యాయని పి. సాయినాథ్ 2001లోనే రాశారు. రైతుల గురించి ఆ అబద్ధాన్ని ప్రశ్నించేందుకు సంఘాలు కదిలాయి. ముసలమ్మ విషయంలో అదే అబద్ధం అందరికీ నిజంలా విన్పించింది. ఆ వయసులో నొప్పులు మామూలే కదా! జాతీయ నేర రికార్డుల బ్యూరో పట్టికల్లో ఆమె వృత్తి "గృహిణి". అరవయ్యేళ్లామెకీ ఎనభై అయిదేళ్లామెకీ ఒకే గడి.

గడి తప్పయితే నివారణ కూడా దారి తప్పుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014 నివేదిక ప్రకారం దాదాపు అన్ని ప్రాంతాల్లోనూ ఆత్మహత్యల రేటు డెబ్భై దాటినవాళ్లలోనే ఎక్కువ. దీని వెనక ఒకే కారణం ఉండదు. వైద్యం అందని నొప్పి, ఒంటరితనం, గుర్తించని డిప్రెషన్, తాను బరువునన్న భావన కలిసి పనిచేస్తాయి. వీటిలో ప్రతిదానికీ చెయ్యగలిగింది ఉంది. శ్రీలంక 1995 నుంచీ అతి విషపూరితమైన పురుగుమందులని నిషేధిస్తూ రావడంతో అక్కడి ఆత్మహత్యల రేటు బాగా పడిపోయింది. ఆపదగడియ దాటితే మనిషి బతుకుతుందని దీని అర్థం. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా ప్రయత్నించిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే చూడాలనీ, శిక్షించకూడదనీ అంటోంది.

2006 దాకా 75 రూపాయలుగా ఉన్న వృద్ధాప్య పెన్షన్ ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి 4000. చేతిలో తనదంటూ డబ్బుండటం చిన్న విషయం కాదు. నన్ను ఆలోచింపజేసేది ఆ డబ్బు వచ్చే తీరు. నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి గడపలోకి వస్తారు. ఆ మనిషి వేలిముద్రతో పాటు నాలుగు ప్రశ్నలు అడిగితే? నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, నొప్పికి మందుందా, బతకాలని లేదన్న ఆలోచన వస్తోందా? అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది వట్టి భయం. అడగడం వల్ల బరువు దిగుతుంది. టెలి మానస్ 14416, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 ఉన్నాయి. కాని చాలా ఇళ్లలో ఫోను మనవడి చేతిలో ఉంటుంది. అందుకే ఆశా కార్యకర్తకీ, పొదుపు సంఘానికీ, మనకీ ఆ నంబర్లు తెలిసుండాలి.

"ఎవరికీ బరువు కాకుండా పోతే చాలు" అనే మాటని మన కథల్లో త్యాగంగా, వైరాగ్యంగా ఎన్నిసార్లు చదివామో! ఇకమీదట అది విన్పిస్తే కాసేపు ఆమె పక్కన కూర్చుని, ఎందుకలా అన్పిస్తోందని అడుగుదాం.