ఇద్దరు ప్రభవలు, ఒకే వరుస

మా జేజినాయన ఖాతా పుస్తకం బళ్ళారిలో పాత ట్రంకు పెట్టెలో ఉండేది. మొదటి పేజీల్లో వంశం, ఎవరు ఎప్పుడు పుట్టారో. ఆ వెనక ఇంటి ఖర్చులు. కాగితం ముట్టుకుంటే పొడి అవుతోందని 2024లో మేము అన్నదమ్ములం కూర్చుని దాన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించాం. మేము చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు జేజి నేర్పినవే. ఆ చేతిరాత చదవడమే కష్టం అనుకున్నాం. అసలు కష్టం షీటులో వచ్చింది.

మొదట డబ్బు లెక్క. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. అయిదు రూపాయల ఎనిమిది అణాలను పుస్తకంలో 5-8 అని రాశారు. మేమూ అలాగే కొడితే ఎక్సెల్ దాన్ని ఆగస్టు 5 అనుకుంది. దాని లోపల తేదీ అంటే 1900 జనవరి 1 నుంచి లెక్కపెట్టిన రోజుల సంఖ్య. అలా 5-8 కాస్తా 45,509 అయి కూర్చుంది. జేజినాయన చెల్లెలి పెళ్ళి ఖర్చు లక్షలు దాటింది! గడులను ముందే టెక్స్ట్‌గా పెట్టి, రూపాయలకు ఒక కాలమ్, అణాలకు ఒక కాలమ్ చేశాక గానీ లెక్క కుదరలేదు.

ఈ 1900కు ఒక కథ ఉంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే ప్రోగ్రాం 1900ను లీపు సంవత్సరంగా లెక్కేసింది. నిజానికి అది లీపు కాదు. తర్వాత వచ్చిన ఎక్సెల్, లోటస్ లెక్కలతో తేడా రాకూడదని ఆ తప్పును అలాగే ఉంచేసింది. ఎన్నడూ రాని 1900 ఫిబ్రవరి 29 అందులో ఇప్పటికీ ఉంది. 1900కు ముందటి తేదీలు మాత్రం దానికి తేదీలే కావు, వట్టి అక్షరాలు.

మన పెద్దవాళ్ళేమో ఏళ్ళను పేర్లతో రాశారు. ఆ పేర్లు 60 ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. ప్రభవ 1867లో వచ్చింది, 1927లోనూ వచ్చింది. జేజినాయన తాత మొదటి ప్రభవలో పుట్టారు, జేజినాయన రెండో ప్రభవలో. తాత పేరే మనవడికి పెట్టారు. పేరు ఒకటే, ఏడు ఒకటే, ఊరు ఒకటే. మా తమ్ముడు డూప్లికేట్లు తీసేయమని నొక్కాడు. ఒక వరుస పోయింది.

మాది టెస్టింగ్ ఉద్యోగం, లెక్క సరిచూడనిదే నిద్రపట్టదు. పుస్తకంలో మనుషులను వేలు పెట్టి లెక్కపెడితే షీటులో ఒకరు తక్కువ. పోయింది ఎవరో కాదు, ఆ పుస్తకం రాసిన జేజినాయనే.

ఇప్పుడు ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చాం. ఒక కాలమ్‌లో పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు: ప్రభవ. పక్క కాలమ్‌లో మేము తేల్చుకున్నది: 1867 లేదా 1927. ఊరికీ అంతే. జేజినాయన పుట్టినప్పుడు బళ్ళారి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది, 1953 అక్టోబరు 1న మైసూరులో కలిసింది, 1973లో ఆ రాష్ట్రం కర్ణాటక అయింది. ఇల్లు మాత్రం కదల్లేదు. అందుకే అప్పటి రాష్ట్రం ఒక కాలమ్, ఇప్పటిది ఒక కాలమ్.

మీ ఇంటి పుస్తకం ఎక్కించేటప్పుడు పేజీ నంబరుకు కూడా ఒక కాలమ్ పెట్టండి. చివర్లో మనుషులను ఒకసారి లెక్కపెట్టండి. పాత పుస్తకాన్ని మాత్రం పారేయకండి.