గ్రహాల నడకకు లెక్క



మా అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాల మీద ఏడాదికి రెండుసార్లు ఉదయకిరణాలు పడతాయని మీరు వినే వుంటారు. మార్చి 9 నుంచి 11 దాకా ఒకసారి, అక్టోబరు 1 నుంచి 3 దాకా మరోసారి. మబ్బు పట్టిందా, ఆ ఏటికి ఇక అంతే! ఈ రెండు సమయాల్లోనూ సూర్యుడు ఇంచుమించు ఒకే చోట, నడితూర్పుకి కాస్త దక్షిణంగా పొడుస్తాడు. అంచేత అదే వాకిళ్ళ వరసలోంచి రెండుసార్లూ వెలుగు లోపలికి వస్తుంది.

సరిగ్గా నడితూర్పున పొడిచే రోజులు మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 23 ప్రాంతంలో ఒకటి. వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. మార్చి నుంచి సెప్టెంబరుకి 186 రోజులు, సెప్టెంబరు నుంచి తిరిగి మార్చికి 179 రోజులే. ఈ వారం రోజుల తేడా ఏవిటి? పంచాంగంలోనూ ఇదే కనిపిస్తుంది. మన ధనుర్మాసం ఇరవైతొమ్మిది రోజుల పైచిల్లర, ఎండాకాలం వెళ్ళాక వచ్చే మిథునమాసం ముప్ఫయ్యొకటిన్నర రోజులు. సూర్యుడి నడక ఏడాది పొడుగునా ఒకే తీరుగా వుండదని మన సిద్ధాంత గ్రంథాలకి తెలుసు. దానికి చేసే సవరణనే మందఫలం అన్నారు.

కారణాన్ని 1609లో కెప్లర్ అనే జర్మను పండితుడు చెప్పాడు. గ్రహాల దారి గుండ్రటి చక్రం కాదు, కాస్త నొక్కిన చక్రం. సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వడిగా పోతుంది, దూరమైనప్పుడు నెమ్మదిస్తుంది. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరాన వుంటే, జూలై మొదట్లో 15 కోట్ల 21 లక్షల దూరాన వుంటుంది. సంక్రాంతి ముగ్గుల రోజుల్లోనే మన భూమి పరుగు ఎక్కువన్నమాట.

సూత్రం దొరికింది గదా, ఇక చిక్కేవిటి అంటారా? గ్రహాలు ఒకదాన్నొకటి కూడా లాగుతాయి. అప్పుడు ఒక్క సూత్రంతో తేలదు. అడుగడుగునా లెక్క కట్టుకుంటూ పోవలసిందే. హేలీ తోకచుక్క 1758 ప్రాంతంలో మళ్ళీ వస్తుందని హేలీ చెప్పిపోయాడు. ఏ నెలలో వస్తుందో తేల్చడానికి పారిస్‌లో ముగ్గురు కూర్చున్నారు: క్లెరో, లలాండ్, నికోల్ రెయిన్ లెపోట్. ఈ మూడో మనిషి ఒక ఇల్లాలు. రాజుగారి గడియారాల పనివాడి భార్య. గురుడూ శనీ ఆ తోకచుక్కని నూటయాభై ఏళ్ళుగా ఎంతెంత లాగారో తేల్చాలి. ఆర్నెల్లపాటు పొద్దుట్నించి రాత్రిదాకా, ఒక్కోసారి భోజనాల దగ్గర కూడా లెక్కలే చేశామని లలాండ్ రాశాడు. గురుడి వల్ల 518 రోజులు, శని వల్ల 100 రోజులు ఆలస్యమవుతుందని తేలింది. 1759 ఏప్రిల్ నడుమ సూర్యుణ్ణి చుట్టి వెళుతుందన్నారు. మార్చి 13నే వెళ్ళింది. అన్నేళ్ళ లెక్కలో ఒక్క నెల తేడా!

1760లో క్లెరో అచ్చువేసిన పుస్తకంలో మాత్రం ఆవిడ పేరు లేదు. ఆవిడ లేకపోతే ఈ పనికి పూనుకునే ధైర్యమే మాకు వుండేది కాదని లలాండ్ రాసిపెట్టబట్టి ఇవాళ మనకి తెలిసింది. ఆడవాళ్ళకి లెక్కలేవిటి అనే మాట ఇప్పటికీ మనిళ్ళల్లో వినిపిస్తూనే వుంది గనక ఈ సంగతి కాస్త నిలబడి చెప్పాలనిపించింది. అన్నట్టు, కంప్యూటరు అనే మాటకి మొదట యంత్రమని కాదు, లెక్కలు కట్టే మనిషి అని అర్థం.

మన వైపూ ఈ విద్యమీద మోజున్నవాళ్ళు లేకపోలేదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం అక్కణ్ణించి చూశారు. ముందుగా లెక్క కట్టి వుండబట్టే, ఆ రోజున చూడాలని తెలిసింది.

1980 తర్వాత ఈ లెక్క ఇంట్లోకి వచ్చేసింది. టీవీకి తగిలించే చిన్న కంప్యూటర్లు వచ్చాయి. 1984లో క్లాస్ పథకం కింద మన బడులకి బి.బి.సి. మైక్రోలు వచ్చాయి. గ్రహాన్ని నడిపించడానికి దానికి చెప్పవలసింది కొద్దిపాటే. గ్రహం ఎక్కడుంది, ఎటు ఎంత వేగంతో పోతోంది, సూర్యుడు ఎంత లాగుతున్నాడు. దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు. ఆ లాగుడుతో వేగం మార్చు, ఒక రోజు దూరం జరుపు, చుక్క పెట్టు, మళ్ళీ మొదలుపెట్టు. లెపోట్‌గారు కలంతో చేసిందీ ఇలా అడుగులు వెయ్యడమే.

ఇందులో ఒక కిటుకుంది. పాత వేగంతో గ్రహాన్ని జరిపి, ఆ తర్వాత వేగం మార్చామనుకోండి, ప్రతి అడుగులోనూ కాస్త తప్పు మిగులుతుంది. చక్రవడ్డీలాగ అది పేరుకుని, భూమి చుట్టు చుట్టుకీ సూర్యుడికి దూరంగా జరిగిపోతుంది. ముందు వేగం మార్చి, ఆ కొత్త వేగంతో జరిపితే దారి తప్పదు. రెండు వరసలు అటూ ఇటూ మారితే చాలు, కథ మారిపోతుంది.

మొన్న మా మేనల్లుడు ఇంట్లో కంప్యూటరు మీద చేసి చూపించాడు. "అత్తా, భూమి చుక్కల్లో తేడా కంటికి ఆనదు, బుధుణ్ణి చూడు" అన్నాడు. బుధుడి ఏడాది 88 రోజులే. సూర్యుడికి 4 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దగ్గరకి వచ్చి, మళ్ళీ 7 కోట్ల దూరం పోతాడు. రోజుకొక చుక్క పెడితే, దగ్గరగా వచ్చినచోట చుక్కలు ఎడంగా, దూరం పోయినచోట ఒత్తుగా పడ్డాయి. ఇంట్లో కంప్యూటరు లేకపోతే గళ్ళకాగితం, పెన్సిలు, పిల్లల కాలిక్యులేటరు చాలు. 88 అడుగులంటే రెండు మధ్యాహ్నాల పని.