విదేశాల నుంచి ఇంటికి కబురు: తెలుగు వలసల చరిత్ర

పొట్టకూటికో చదువుకో సముద్రం దాటిన తెలుగువారు ఇంటివారితో మాట కలపడానికి పందొమ్మిదో శతాబ్దం నుంచి వాడుతూ వచ్చిన సాధనాలు జాబు, మనియార్డరు, టెలిగ్రాం, క్యాసెట్టు, టెలిఫోను, ఇంటర్నెట్. ఈ చరిత్రను సాధారణంగా వేగం పెరిగిన కథగా చెబుతారు. నెలలు పట్టే కబురు క్షణాల్లో అందుతున్న మాట నిజమే. కానీ అంతకన్నా పెద్ద మార్పు మరొకటుంది. చాలాకాలం పాటు భార్యాభర్తల మాట కూడా మూడో మనిషి చెవిన పడకుండా ఇల్లు చేరేది కాదు. జాబు రాసిపెట్టేవాడు, చదివిపెట్టేవాడు, పోస్ట్‌మ్యాన్, ఫోనున్న పొరుగింటాయన, ఎస్టీడీ బూత్ యజమాని... ఎవరో ఒకరు మధ్యలో ఉండేవారు.

కోరంగి నుంచి రంగూన్ దాకా

మారిషస్‌కు భారతీయ ఒప్పంద కూలీల వలస 1834లో మొదలైంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద అక్కడి తెలుగువారిని కోరంగీలన్నారు. మద్రాసు నుంచి 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి కూలీల ఓడలు వెళ్లాయి. ఒప్పందాలు సాధారణంగా అయిదేళ్లవి. చదువురాని కూలీ జాబు రాయించాలంటే తోటలో నాలుగక్షరాలు వచ్చినవాణ్ణి బతిమాలుకోవాలి. ఇంటి దగ్గర దాన్ని చదవడానికి కరణమో బడిపంతులో దొరకాలి. ఊరి పేరు రాసేవాడి చెవికి ఎలా వినబడితే కవరు మీద అలాగే పడేది. అలాంటి జాబులు దారి తప్పడంలో వింతేమీ లేదు.

బర్మా సంగతి వేరు. విశాఖపట్నం, కాకినాడ వంటి రేవుల నుంచి రంగూన్‌కు స్టీమర్లు తిరిగేవి. బియ్యం మిల్లుల్లో, రేవులో పనిచేసే తెలుగు కూలీలు మేస్త్రీల కింద జట్లుగా వెళ్లి, కొన్నాళ్లకు ఊరు చూసుకుని, మళ్లీ ఓడెక్కేవారు. ఉత్తరాంధ్ర పల్లెలకు రంగూన్ కబుర్లు చాలావరకు ఈ వచ్చేపోయేవాళ్ల నోటనే అందేవి. పైగా 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కనుక రంగూన్ జాబుకు విదేశీ టపా ఖర్చు లేదు.

భారత తపాలా శాఖ 1880లో ప్రారంభించిన మనియార్డరును డబ్బు సాధనంగానే చూస్తారు కానీ, అది పేదవాడి ఉత్తరం కూడా. ఫారం అడుగున ఉండే కూపన్‌లో రెండు మూడు ముక్కలు రాసే చోటుండేది. పోస్ట్‌మ్యాన్ గుమ్మంలో నిలబడి ఆ ముక్కలు చదివి, డబ్బు లెక్కపెట్టి, రసీదు మీద వేలిముద్ర వేయించుకునేవాడు. ఆ రసీదు తిరిగి డబ్బు పంపినవాడికి చేరేది. రాత రాని ఇల్లాలు పరదేశంలో ఉన్న భర్తకు ఇచ్చిన జవాబు చాలాసార్లు ఆ వేలిముద్ర ఒక్కటే.

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. టపా తెగిపోయింది. లక్షలాది భారతీయులు అస్సాం, అరకాన్ దారుల్లో నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు పడ్డాయి. అక్కడివారి క్షేమం ఇక్కడివారికి, ఇక్కడివారి క్షేమం అక్కడివారికి తెలిసే దారే లేకపోయింది.

గల్ఫ్ కాలం

1973 తరవాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు పుంజుకున్నాయి. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి మగవాళ్లు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో వెళ్లారు. అప్పటి ప్రధాన సాధనం ఏరోగ్రాం. పల్చటి నీలం కాగితాన్ని మడిచి అంటిస్తే అదే కవరు. లోపల ఫోటో గానీ మరో కాగితం గానీ పెట్టకూడదు. అందుకే చెప్పాల్సింది మిగిలిపోతే అంచుల వెంబడి కాగితం తిప్పుతూ రాసేవారు.

రాయించుకునే బెడద మొదటిసారి తప్పించింది క్యాసెట్టు. గల్ఫ్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ ముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకరి తరవాత ఒకరు మాట్లాడేవారు. సిగ్గుపడే పిల్లల్ని ముందుకు నెట్టి 'నాన్నా' అనిపించేవారు. వెనక కోడి కూత, గిన్నెల చప్పుడు కూడా టేపులోకి ఎక్కేవి. సెలవు ముగించుకుని వెళ్లే ఊరివాడి సంచిలో ఆ క్యాసెట్టు ఎడారి చేరేది. తపాలా శాఖ లెక్కల్లోకి ఎక్కని ఈ రాకపోకలకు చరిత్రకారులు ఇవ్వాల్సినంత చోటివ్వలేదు.

ఫోను ఆలస్యంగా వచ్చింది. భారత్‌లో నేరుగా విదేశీ నంబరు తిప్పే ఐఎస్‌డీ సౌకర్యం 1976లో బొంబాయి–లండన్ మధ్య మొదలైనా, పల్లెలకు అది అందింది ఎనభైల చివర్లో, తొంభైల్లో వెలసిన ఎస్‌టీడీ, ఐఎస్‌డీ బూత్‌లతోనే. అంతకుముందు పీపీ నంబరే, అంటే ఫోనున్న మరొకరి ఇంటి నంబరే దిక్కు. షావుకారు ఇంటికి ఫోనొస్తే పిల్లవాణ్ణి పరుగెత్తించి కబురు పెట్టేవారు. పదిమంది వింటుండగా ఏం మాట్లాడతారు? 'బాగున్నాం, బాగున్నావా' అనుకునేలోగా లైను కట్టయ్యేది. బూత్‌లో అద్దాల తలుపు ఉండేది కానీ, ఎర్ర అంకెల మీటరు మీదే కన్ను ఉండేది.

విదేశీ కాల్స్ మీద వీఎస్ఎన్ఎల్ గుత్తాధిపత్యం 2002లో ముగిసింది. అదే ఏడాది ఇంటర్నెట్ టెలిఫోనీకి అనుమతి వచ్చింది. ధరలు దిగివచ్చాయి.

అమెరికా చదువులకు వెళ్లినవారి దారి కొంత భిన్నం. 1995 ఆగస్టు 15న దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ అందాక ఈమెయిల్, 2003 తరవాత స్కైప్ వారికి అలవాటయ్యాయి. హైదరాబాద్ నెట్ సెంటర్లలో గంటకింతని కట్టి మనవల ముఖం చూసిన తాతలున్నారు.

చేతిలో ఫోను

అసలు మలుపు 2016. ఆ సెప్టెంబరులో జియో రావడంతో డేటా చవకైంది. నవంబరులో వాట్సాప్ వీడియో కాల్ వచ్చింది. గల్ఫ్ కూలీ భార్య తన గదిలో, తన ఫోనులో మాట్లాడుకోగలిగింది. రాయడం రానివారికి వాయిస్ మెసేజి క్యాసెట్టు చేసిన పనే చేసింది. సెలవు దొరకని కొడుకు తండ్రి దహనం ఫోనులో చూడటం కూడా ఈ కాలానిదే.

అయినా మూడో మనిషి పూర్తిగా తొలగలేదు. సౌదీ అరేబియా ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలు సడలించింది 2017 సెప్టెంబరులోనే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల ఫోను యజమానులు లాగేసుకోవడం మరీ తీవ్రమైన సమస్య. అప్పుడు ఊళ్లో వారికి తెలిసేది ఫోను రావడం లేదన్న ఒక్క సంగతే. భారత విదేశాంగ శాఖ 2015లో ప్రారంభించిన మదద్ పోర్టల్‌లో ఇంటివారు కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. బయలుదేరేవారు పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని పేరు, చిరునామా, ఫోను నంబరు ముందే ఇంట్లో ఉంచి వెళ్లాలి.