అమెరికా సమాజంలో వలసదారుల మమేకత

అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వలస వెళ్లినవారు, వారి సంతతి అక్కడి భాషలో, చదువులో, ఉపాధిలో, రాజకీయాల్లో భాగస్వాములయ్యే క్రమాన్ని మమేకత అంటారు. వలసదారుల శ్రమ ఎంత ఉన్నా, చట్టం తలుపు తెరిచినప్పుడే ఈ క్రమం పూర్తయిందని చరిత్ర చెబుతోంది.

తొలి దశ

1840లలో కరువు వల్ల ఐర్లండ్ నుంచి వచ్చిన క్యాథలిక్కులు బోస్టన్, న్యూయార్క్ నగరాల్లో తీవ్ర వ్యతిరేకతను చవిచూశారు. 1850లలో ‘నో నథింగ్’ పార్టీ వారికి వ్యతిరేకంగానే బలపడింది. అయితే పౌరసత్వం, ఓటు దక్కడంతో వారు నగర రాజకీయాల్లో నిలదొక్కుకున్నారు. 1892–1954 మధ్య ఎల్లిస్ ద్వీపం మీదుగా సుమారు 1.2 కోట్ల మంది దేశంలోకి వచ్చారు. షికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889లో స్థాపించిన హల్ హౌస్ వలస కార్మికులకు ఇంగ్లీషు నేర్పింది, వారి పసిపిల్లలను చూసుకుంది.

చట్టపరమైన అడ్డుగోడలు

1790 చట్టం పౌరసత్వాన్ని స్వేచ్ఛాజీవులైన తెల్లవారికే పరిమితం చేసింది. 1870లో ఆఫ్రికా సంతతివారికి అర్హత లభించింది. 1882 చట్టం చైనా కార్మికుల రాకను నిషేధించింది. అమెరికా సైన్యంలో పనిచేసిన భారతీయుడు భగత్ సింగ్ థిండ్ పౌరసత్వానికి అనర్హుడని 1923లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భారతీయులకు ఆ అర్హత 1946లో గానీ రాలేదు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వైద్య పరిశోధనకు జీవితాన్ని ధారపోసి, పౌరుడు కాకుండానే 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో కన్నుమూశారు. పౌరసత్వానికి జాతి నిబంధన 1952లో పూర్తిగా తొలగింది.

1965 తర్వాత

1965 చట్టం జాతీయ మూలాల ఆధారంగా దేశాలకు కేటాయించిన కోటాలను రద్దు చేయడంతో ఆసియా, లాటిన్ అమెరికా దేశాల నుంచి వలసలు పెరిగాయి. తెలుగు వైద్యులు, ఇంజినీర్లు అమెరికా వెళ్లడం ఊపందుకుంది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) ఏర్పడింది. 1990ల నుంచి హెచ్‌-1బీ వీసాలపై సాఫ్ట్‌వేర్ నిపుణులు వెళ్తున్నారు.

నేటి స్థితి

1890లో జనాభాలో 14.8 శాతంగా ఉన్న విదేశాల్లో పుట్టినవారి వాటా 1970లో 4.7 శాతానికి పడిపోయి, తర్వాత మళ్లీ పెరిగింది. సాధారణంగా శాశ్వత నివాసులు ఐదేళ్ల తర్వాత, ఇంగ్లీషు, పౌరశాస్త్ర పరీక్షలు నెగ్గి పౌరులు కావచ్చు. రెండో తరంలో ఇంగ్లీషే ప్రధాన భాష అవుతుంది. మూడో తరానికి ఇంటి భాష తరచూ మరుగున పడుతుంది. ఉద్యోగ ఆధారిత శాశ్వత నివాస అనుమతుల్లో (గ్రీన్ కార్డుల్లో) ఏ ఒక్క దేశానికైనా ఏటా 7 శాతం పరిమితి ఉండటంతో భారతీయులు ఏళ్ల తరబడి వేచి ఉంటున్నారు. తల్లిదండ్రుల వీసాపై వచ్చి అక్కడే చదువుకున్న పిల్లలు 21 ఏళ్లు నిండగానే ఆ వీసా ఆధారాన్ని కోల్పోతున్నారు. భాషలో, బడిలో, స్నేహాల్లో అమెరికన్లుగా ఎదిగిన వీరికి చట్టంలో చోటు కల్పించడం నేటి మమేకతలో మిగిలిన ముఖ్యమైన పని.