నలభై దాటాక డాక్టరేట్: డీబీఏ అనే పట్టా కథ



మన సంఘంలో ఈమధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. ఇరవై, ఇరవై ఐదేళ్ళు ఉద్యోగం చేసి పై మెట్టుకి చేరినవాళ్ళు, సొంత వ్యాపారం నిలబెట్టుకున్నవాళ్ళు వచ్చి, "ఇప్పుడు డీబీఏ చేస్తే ఎలా ఉంటుందండీ?" అని అడుగుతున్నారు. డీబీఏ అంటే డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. అంటే ఎంబీఏ తర్వాతి పెద్ద మెట్టు, వ్యాపార నిర్వహణలో డాక్టరేట్. మరోవైపు అందరి ఫోన్లలోనూ ప్రకటనలు. ఏడాదిలో డాక్టరేట్, ఇంట్లో కూర్చునే డాక్టరేట్, థీసిస్ సంగతి మాకు వదిలేయండి అని. మొన్న ఒక సభ్యుడు అలాంటి సంస్థ పంపిన కాగితాలు తెచ్చి మాకు చూపించారు. ఫీజులో రాయితీ ఎంతో పెద్ద అక్షరాల్లో ఉంది. పట్టా ఇచ్చే విశ్వవిద్యాలయం ఏదో మాత్రం భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది.

మనవాళ్ళ పీఎఫ్ డబ్బూ, శని ఆదివారాలూ, పేరూ ఇందులో పడుతున్నాయి. అందుకని ఈసారి వలసల కథ పక్కనపెట్టి ఈ పట్టా చరిత్ర రాస్తున్నాం. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే, మన చేతికి వచ్చినది అసలుదో కాదో పోల్చుకోవడం తేలిక.

ముందు డాక్టర్ అనే మాట సంగతి. దాని మూలం లాటిన్‌లో "నేర్పడం" అనే అర్థమున్న మాట. మధ్యయుగాల్లో బొలోనా, పారిస్ లాంటి చోట్ల న్యాయం, వైద్యం, మతశాస్త్రం చదివి, ఇక నువ్వు ఇతరులకి నేర్పవచ్చు అని పెద్దల చేత అనిపించుకున్నవాడు డాక్టర్. కమ్మరి దగ్గరో, కంసాలి దగ్గరో ఏళ్ళ తరబడి పనిచేసి చివరికి మేస్త్రి అయినట్టే. ఇప్పుడు మనం గొప్పగా చెప్పుకునే పరిశోధన పీహెచ్‌డీ ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. 1810లో మొదలైన బెర్లిన్ విశ్వవిద్యాలయం దాన్ని బాగా పెంచింది. అమెరికాలో యేల్ 1861లో తొలి పీహెచ్‌డీలు ఇచ్చింది. ఆక్స్‌ఫర్డ్ దాన్ని తెచ్చుకున్నది 1917లో. కాబట్టి, "పని చేసుకునేవాడికి డాక్టరేట్ ఏమిటి, అది పంతుళ్ళ వ్యవహారం కదా" అనే మాట చరిత్ర ముందు నిలవదు. వృత్తి డాక్టరేట్ ముందు, పరిశోధన డాక్టరేట్ వెనక.

వ్యాపారం మాత్రం విశ్వవిద్యాలయం గడప తొక్కడానికి చాలాకాలం పట్టింది. లెక్కలు రాయడం, సరుకు కొనడం అమ్మడం కూడా ఒక చదువా అని పండితులు ముఖం చిట్లించారు. అమెరికాలో వార్టన్ 1881లో, హార్వర్డ్ బిజినెస్ స్కూల్ 1908లో వచ్చాయి. మన దేశంలో బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీ 1913లో వచ్చింది. 1920లో షికాగో విశ్వవిద్యాలయం వ్యాపార విషయంలో పీహెచ్‌డీ మొదలుపెట్టింది. హార్వర్డ్ తన డాక్టరేట్‌కి మొదట డాక్టర్ ఆఫ్ కమర్షియల్ సైన్స్ అని పేరు పెట్టుకుని, 1953లో దాన్ని డీబీఏగా మార్చింది. ఆ పేరు లోకమంతా తెలిసింది అక్కడినుంచే.

ఇక్కడ ఒక మలుపుంది. 1959లో అమెరికాలో రెండు నివేదికలు వచ్చాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషన్ తరఫున గోర్డన్, హోవెల్ రాసినది. రెండోది కార్నెగీ కార్పొరేషన్ తరఫున పియర్సన్ రాసినది. రెండూ బిజినెస్ స్కూళ్ళని బాగా దులిపాయి. చదువులో సత్తా లేదు, పరిశోధన లేదు, అనుభవజ్ఞులు చెప్పే కబుర్లే పాఠాలయ్యాయి అన్నాయి. ఆ దెబ్బతో స్కూళ్ళు గణితం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం వైపు పరుగెత్తాయి. మంచే జరిగింది, కానీ కొంత అతి కూడా జరిగింది. ఫ్యాక్టరీ గేటు దాటనివాడు ఫ్యాక్టరీ మీద వ్యాసాలు రాసే రోజులు వచ్చాయి. రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ వాళ్ళే. పనిచేసేవాళ్ళకి ఆ రాతలతో సంబంధం తెగిపోయింది.

ఆ రెండు ఒడ్లనీ కలిపిన ఇద్దరి గురించి మనం చెప్పుకోవాలి. ఇద్దరూ మన దేశంవాళ్ళే, ఇద్దరూ ఉద్యోగం చేసి ఆ తర్వాత డీబీఏ చేసినవాళ్ళే.

సి.కె. ప్రహ్లాద్ 1941లో కోయంబత్తూరులో పుట్టారు. మద్రాసు లయోలాలో ఫిజిక్స్ చదివి, ఇరవై ఏళ్ళైనా నిండకముందే యూనియన్ కార్బైడ్‌లో చేరి నాలుగేళ్ళు పనిచేశారు. బ్యాటరీలు తయారయ్యే చోట కార్మికులతో, యూనియన్లతో మాట్లాడి నేర్చుకున్నది ఆయనకి మొదటి పాఠశాల. తర్వాత అహ్మదాబాద్ ఐఐఎం, ఆ తర్వాత హార్వర్డ్. 1975లో డీబీఏ. పెద్ద కంపెనీ నిలబడేది తనకి లోతుగా తెలిసిన కొద్ది విద్యల మీద అని గ్యారీ హేమెల్‌తో కలిసి 1990లో ఆయన రాసిన వ్యాసాన్ని ఈనాటికీ ప్రతి ఎంబీఏ విద్యార్థీ చదువుతున్నాడు. 2004లో వచ్చిన పుస్తకంలో పేదవాళ్ళని కొనుగోలుదారులుగా, భాగస్వాములుగా చూడమన్నారు. మదురై అరవింద్ కంటి ఆసుపత్రి, జైపూర్ కాలు లాంటి మన ఉదాహరణలు అందులో ఉన్నాయి. ఆ వాదాన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఆ చర్చ మంచిదే.

రెండో ఆయన సుమంత్ర ఘోషాల్. 1948లో కలకత్తాలో పుట్టారు, ఇండియన్ ఆయిల్‌లో ఉద్యోగం. 1981లో, ముప్పై దాటాక, అమెరికా వెళ్ళారు. మామూలుగా ఒక డాక్టరేట్‌కే ప్రాణం పోతుంది. ఈయన ఎంఐటీలో పీహెచ్‌డీ, హార్వర్డ్‌లో డీబీఏ ఒకేసారి మొదలుపెట్టి, రెండు వేర్వేరు విషయాల మీద రెండు థీసిస్‌లు రాశారు. ఒకటి 1985లో, ఇంకొకటి 1986లో పూర్తయ్యాయి. 2004లో ఆయన పోయారు. మరుసటి ఏడాది అచ్చైన ఆయన వ్యాసం బిజినెస్ స్కూళ్ళనే బోనులో నిలబెట్టింది. మనిషిని స్వార్థపరుడనే ఒక్క కొలతతో చూసే సిద్ధాంతాలు నేర్పి, మంచి మేనేజర్లని మనమే పాడుచేస్తున్నాం అన్నారు. ఉద్యోగపు రోజులు మరిచిపోని మనిషి మాత్రమే అలా రాయగలడని మా అభిప్రాయం.

ఇంతకీ ఆ హార్వర్డే 2018లో డీబీఏ పేరు తీసేసి పీహెచ్‌డీ అని పెట్టుకుంది. అక్కడ అది మొదటినుంచీ పూర్తికాలం చదువే, ప్రొఫెసర్లని తయారుచేసే చదువే. పేరుకీ సరుకుకీ అన్నిచోట్లా ఒకే సంబంధం ఉండదని ఇక్కడే తెలుస్తుంది. డీబీఏ అన్న మూడక్షరాలు చూసి ఏదీ తేల్చలేం.

ఉద్యోగం వదలకుండా చేసే డాక్టరేట్ గట్టిగా పుంజుకున్నది 1990లలో. అప్పుడే, 1994లో, కొందరు పండితులు కలిసి ఒక పుస్తకం రాశారు. జ్ఞానం విశ్వవిద్యాలయంలోనే పుట్టదు, పని జరిగే చోట, సమస్య ఉన్న చోట కూడా పుడుతుంది అని వాళ్ళ వాదం. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో వృత్తి డాక్టరేట్లు వరసగా మొదలయ్యాయి. అమెరికాలో కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం 1995లో సీనియర్ ఉద్యోగుల కోసమే ఒక డాక్టరేట్ పెట్టింది. వీటి తీరు దాదాపు ఒకటే. మూడు నుంచి ఐదేళ్ళు. నెలకో, రెండు నెలలకో కొన్ని రోజులు క్యాంపస్‌లో. మొదట పరిశోధన పద్ధతులు, అంటే ప్రశ్న ఎలా వేయాలి, ఎవరిని అడగాలి, అంకెలు ఎలా చదవాలి అనేవి. తర్వాత తన పనిలోంచే తీసుకున్న ఒక సమస్య మీద థీసిస్, దాన్ని బయటివాళ్ళ ముందు నిలబడి సమర్థించుకోవడం. పీహెచ్‌డీ ప్రశ్న సాధారణంగా పుస్తకాల్లోని ఖాళీలోంచి పుడుతుంది. ఈ ప్రశ్న పనిలో తగిలిన దెబ్బలోంచి పుడుతుంది. రుజువు చెయ్యాల్సిన కష్టం మాత్రం రెండిట్లోనూ ఒకటే.

మనవైపు ఈ కథకి హైదరాబాదుతో ఒక ముడి ఉంది. ఇంగ్లండులో థేమ్స్ ఒడ్డున హెన్లీలో 1945లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పెట్టారు. అనుభవమున్న అధికారుల్ని చిన్న జట్లుగా కూర్చోబెట్టి, ఒకరి అనుభవం నుంచి ఒకరు నేర్చుకునేలా చెయ్యడం దాని పద్ధతి. అదే నమూనాలో 1956లో హైదరాబాదులో, ఒకప్పుడు నిజాం పెద్దకొడుకు బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టా భవనంలో, మన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ మొదలైంది. నలభై దాటినవాడు మళ్ళీ విద్యార్థి కావచ్చన్న ఆలోచన మన దేశంలో వేళ్ళూనుకున్న తొలి చోట్లలో అది ఒకటి. ఆ హెన్లీయే తర్వాత ఉద్యోగస్తులకి డీబీఏ చెప్పే స్కూలైంది. 1957లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఎంబీఏ పెట్టింది. దేశంలో మొదటిది మాదంటే మాదని కలకత్తావాళ్ళూ అంటారు, ఆ తగువు మనకొద్దు.

అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో, బెంగళూరు ఐఐఎం 1973లో వచ్చాయి. బెంగళూరుది ముఖ్యంగా ప్రభుత్వరంగ సంస్థల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టినది. హెచ్ఏఎల్, ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్ ఉన్న ఊరు కదా. మన ఇళ్ళలో ఆ నాలుగింటిలో ఒకదాంట్లోనైనా పనిచేసిన పెద్దవాళ్ళు లేని ఇల్లు తక్కువే. ఐఐఎంలు డాక్టరేట్ చదువు చెప్పినా చాలాకాలం డిగ్రీ ఇచ్చే హక్కు వాటికి లేదు. చదువు పూర్తిచేసినవాళ్ళకి "ఫెలో" అన్న బిరుదు ఇచ్చేవి. పాపం వాళ్ళు పోయినచోటల్లా ఇది పీహెచ్‌డీతో సమానమండీ అని చెప్పుకోవాల్సి వచ్చేది. 2017 నాటి ఐఐఎం చట్టం 2018 జనవరి 31 నుంచి అమల్లోకి వచ్చాక ఆ బాధ తీరింది. ఇప్పుడు కొన్ని మేనేజ్‌మెంట్ సంస్థలు ఉద్యోగస్తుల కోసం వేరే డాక్టరేట్ దారులు పెట్టాయి.

డబ్బు కట్టేముందు సభ్యులు గుర్తుంచుకోవాల్సిన నిబంధనలు కొన్ని ఉన్నాయి. యూజీసీ 2022 నవంబరు నిబంధనల ప్రకారం మన దేశంలో పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు పడుతుంది. ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌గా చెయ్యవచ్చు, అయితే పనిచేసే సంస్థ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం కావాలి. దూరవిద్యలోనో, ఆన్‌లైన్‌లోనో పీహెచ్‌డీ కుదరదు. విదేశీ సంస్థల పేరు చెప్పి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకి గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులో కలిసి హెచ్చరించాయి. విదేశీ డీబీఏ తీసుకుని ఇక్కడ కాలేజీలో పాఠం చెప్పాలనుకుంటే, దానికి ఇక్కడ సమానత దొరుకుతుందా అని చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. చేరాక తెలుసుకుంటే లాభం లేదు. థీసిస్ రాసిపెడతామన్న మనిషి ఫోను పెట్టేయండి. అది చదువు కాదు, దొంగసరుకు.

అనుభవం ఉన్నవాడికి ఈ చదువులో ఎదురయ్యే అసలు చిక్కు వేరే ఉంది. అతనికి జవాబు ముందే తెలుసు! ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఆ జవాబు తప్పయ్యే అవకాశం ఉందని ఒప్పుకుని, దాన్ని పరీక్షకి పెట్టడమే డాక్టరేట్. తన కింద పనిచేసేవాళ్ళని తనే ఇంటర్వ్యూ చేస్తే వాళ్ళు నిజం చెబుతారా? కంపెనీ లెక్కలు బయటపెట్టనిస్తుందా? మేనేజరుగా ఇన్నాళ్ళూ ఆజ్ఞాపించిన మనిషి తనకన్నా చిన్నవాడైన గైడు చేత ఎర్రసిరా దిద్దించుకోగలడా? చదువు మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడేనని మా అంచనా.

ఇంత కష్టం ఎందుకంటారా? మన సంగతే చూడండి. సోలాపూర్‌లో తెలంగాణ నుంచి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు మగ్గం నుంచి పవర్‌లూమ్‌కి మారి చాదర్లతో ఊరికే పేరు తెచ్చాయి. ఒక కుటుంబం పది పవర్‌లూమ్‌ల దాకా పెరిగి, పదకొండోది ఎందుకు కొనలేదు? కోయంబత్తూరు చుట్టుపక్కల తెలుగు నాయుళ్ళు మిల్లులూ, పంపులూ, మోటార్లూ తయారుచేశారు. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి ఒక్క బస్సుతో మొదలుపెట్టిన జి.డి. నాయుడు పెద్దగా బడికి వెళ్ళనేలేదు. అలాంటివాళ్ళ దగ్గర పని నేర్చుకున్న ఫిట్టర్లు సొంత వర్క్‌షాపులు ఎలా పెట్టగలిగారు? బరంపురం పట్టు నేతలో, బెంగళూరు పేట కొట్లలో, కాగితం రాసుకోకుండా తరాలపాటు అప్పు నడిచింది. ఎవరిని, దేన్ని చూసి నమ్మారు? ఇవి వ్యాపార నిర్వహణలో నిజమైన పరిశోధన ప్రశ్నలు. బయటివాడు వచ్చి అడిగితే మన పెద్దలు కాఫీ ఇచ్చి పంపిస్తారు. ఆ కొట్లో పెరిగిన యాభై ఏళ్ళ మనిషి, పద్ధతి నేర్చుకుని వచ్చి అడిగితే చెబుతారు. ఆ చెప్పేవాళ్ళు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు.

ఆహ్వానపత్రికల మాట కూడా చెప్పాలి. ఇకమీదట మన సంఘం కార్డుల్లో పేరు ముందు "డా." వేయించాలనుకునేవారు ఏ విశ్వవిద్యాలయం, ఏ సంవత్సరం, థీసిస్ విషయం ఏమిటో కార్యవర్గానికి ఒక్క వాక్యంలో రాసివ్వాలని అనుకుంటున్నాం. వైద్యులకి ఈ బాధ లేదు. గౌరవ డాక్టరేట్లు అందుకున్న పెద్దల్ని సన్మానిద్దాం, పేరు ముందు మాత్రం ఆ అక్షరం వద్దు. అభ్యంతరాలుంటే కింద రాయండి, కోపం తెచ్చుకోం.

ఇంకొక విన్నపం. ఇల్లు మారేటప్పుడో, కొట్టు మూసేటప్పుడో పాత చిట్టా ఆవర్జా పుస్తకాలు, జీతాల రిజిస్టర్లు, బ్యాంకు ఉత్తరాలు తూకానికి వేసేయకండి. ఒక మాట చెబితే మేమే వచ్చి తీసుకెళ్తాం. పోయిన నెల ఒక సభ్యురాలు ఇచ్చిన మూడు గోనెసంచులు ఆఫీసులో భద్రంగా ఉన్నాయి. ఎలకలు పట్టకుండా బీరువా ఒకటి కావాలి.