ఎఫ్.ఏ. గడప దాటని రామానుజన్

శ్రీనివాస రామానుజన్ ప్రతిభను గురించి మనవారు ఎంతో వ్రాశారు. ఆయన విద్యార్థి దశను మాత్రం ‘పరీక్ష తప్పారు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టడం పరిపాటి. ఆ వైఫల్యంలో విద్యార్థి పాలెంత, విద్యావిధానం పాలెంత అన్నది విచారింపదగిన విషయం.

1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఎఫ్.ఏ. తరగతిలో చేరినప్పుడు ఆయనకు ఉపకారవేతనం లభించింది. ఆంగ్ల, గణితాలలో నేర్పరులైన వారికి సాధారణంగా ఇచ్చే వేతనమది. అప్పటికే కార్ అనే ఆంగ్లేయుని గణిత సూత్రసంగ్రహం ఆయన చేతికి వచ్చి ఉంది. సుమారు అయిదువేల ఫలితాలను, చాలావరకు పూర్తి నిరూపణలు లేకుండానే, వరుసగా పేర్చిన గ్రంథమది. విచిత్రమేమంటే, కార్ కేంబ్రిడ్జి పరీక్షలకు విద్యార్థులను సిద్ధం చేసే ప్రైవేటు ఉపాధ్యాయుడు. పరీక్షల కోసం పుట్టిన పుస్తకమే ఈ విద్యార్థిని పరీక్షలకు దూరం చేసింది! తక్కిన పాఠాలు మూలబడ్డాయి. ఆంగ్లంలో తప్పడంతో వేతనం పోయింది. 1905లో ఇల్లు విడిచి విశాఖపట్నం దాకా వెళ్ళిపోయారు. తిరిగివచ్చి మళ్ళీ కళాశాలలో చేరితే హాజరు చాలలేదు.

1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో మరొక ప్రయత్నం జరిగింది. అక్కడి గణితాచార్యులు సింగారవేలు ముదలియార్ ఆయనను చేరదీసి, గణిత పత్రికలలోని కఠిన సమస్యలను ఆయనతో కలిసి సాధించేవారు. అయినా 1907 చివర జరిగిన పరీక్షలో గణితేతర విషయాలు తిరిగి అడ్డుపడ్డాయి. ఆచార్యుల ఆదరణకు లోటు లేదని దీనివల్ల స్పష్టమవుతుంది. లోటు నిబంధనలో ఉంది. అన్ని విషయాలలోను నెగ్గితేనే పైతరగతికి దారి. ఆంగ్లంలో వెనుకబడిన విద్యార్థి వేతనాన్ని ఆపడానికి నిబంధన ఉన్నది గాని, ఆ ఆంగ్లంలోనే అతనికి చేయూతనిచ్చే ఏర్పాటు ఆయన జీవిత చరిత్రలలో ఎక్కడా కానరాదు.

చేయూత వెలుపలి నుంచి రావలసివచ్చింది. అనంతపురం జిల్లా గుత్తిలో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న వి. రామస్వామి అయ్యర్ 1907లో కొందరు గణితాభిమానులను కూడగట్టి ఒక సంఘం స్థాపించారు. విదేశీ గణిత గ్రంథాలు, పత్రికలు ఒంటరిగా కొనలేని వారు చందాలతో తెప్పించుకొని చదువుకోవాలన్నది తొలి సంకల్పం. అదే తరువాత భారత గణిత సంఘమైంది. 1910లో రామానుజన్ తిరుక్కోయిలూరులో అయ్యర్‌ను కలిసి గుమాస్తా పని అడిగారు. నోటుపుస్తకాలు తిరగవేసిన అయ్యర్ ఆ పని ఇవ్వలేదు. పరిచయ లేఖలిచ్చి మద్రాసు పంపారు. తాలూకా కచేరీలో ఆ జీవితం అణగిపోకుండా కాపాడిన నిరాకరణ అది. ఆ పరిచయాల వరుసలోనే నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు ఆశ్రయం లభించింది. ఆయన కొంతకాలం నెలకు 25 రూపాయలు సొంత సొమ్ము ఇచ్చి పోషించారు. 1911లో రామానుజన్ తొలి వ్యాసం ఆ సంఘ పత్రికలోనే వెలువడింది. 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది.

1913లో హార్డీకి వ్రాసిన లేఖ, ఆయన ప్రత్యుత్తరం జగద్విదితమే. అదే సంవత్సరం వాతావరణ శాఖాధిపతి గిల్బర్ట్ వాకర్ సిఫారసు కూడా తోడై, మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల పరిశోధక వేతనాన్ని రెండేళ్ళకు మంజూరు చేసింది. పట్టభద్రుడు కానివానికి అటువంటి వేతనం నిబంధనలకు విరుద్ధం. మూడు నెలలకొక నివేదిక సమర్పించాలన్నది మాత్రమే షరతు. 1907లో కదలని నిబంధన ఆరేళ్ళకు కదిలింది. అందుకు కేంబ్రిడ్జి నుంచి ఉత్తరం రావలసివచ్చింది.

అటువంటి నోటుపుస్తకాలు చేతలేని సామాన్య విద్యార్థులు, గణితంలో చురుకై ఆంగ్లంలో తప్పినవారు, ఆ పరీక్షల వద్ద ఎందరు ఆగిపోయారో! వారికి గుత్తి నుంచి గాని, నెల్లూరు నుంచి గాని ఆదుకొనేవారు రాలేదు. రామానుజన్ విషయంలోనూ ఎఫ్.ఏ. ఎన్నడూ పూర్తికాలేదు. 1916లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధన ఆధారంగా ఆయనకు బి.ఏ. పట్టం ఇచ్చింది. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఎనిమిదేళ్ళు.