తువరక బీజం: విశ్వాసం నుండి పరీక్షకు

భారతీయ వైద్య వాఙ్మయంలో కుష్ఠు చికిత్స ప్రసక్తి వచ్చినప్పుడెల్లా స్ఫురించే వృక్షం తువరకం. దాని గింజల నూనెను సుశ్రుత సంహిత చికిత్సాస్థానం విధించింది. పడమటి కనుమలలో పెరిగే ఈ చెట్టును తెలుగువారు అడవి బాదమన్నారు; దాని గింజలే నీరడి విత్తులు. ఈశాన్య భారతంలోనూ బర్మాలోనూ పెరిగే చాల్‌ముగ్ర దీనికి దగ్గరి బంధువు.

1854లో కలకత్తాలో ఫ్రెడరిక్ మోఆట్ చాల్‌ముగ్ర గుణాలను ప్రకటించడంతో పాశ్చాత్య వైద్యుల దృష్టి దానిపై పడింది. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కుష్ఠు సూక్ష్మజీవిని గుర్తించాడు. అప్పటినుండి ప్రశ్న స్వరూపమే మారింది: ఈ నూనె ఆ జీవిని నిజంగా అణచగలదా?

అంతకుముందు అసలు గింజ ఏదో తేలవలసి వచ్చింది. బజారులోని గింజలను చాలాకాలం గైనోకార్డియా అనే వేరొక చెట్టువిగా భావించారు. డేవిడ్ ప్రెయిన్ ఆ పొరపాటును సరిదిద్దగా, 1904లో ఫ్రెడరిక్ పవర్ బృందం ఆ నూనెనుండి చాల్‌ముగ్రికామ్లాన్ని వేరుచేసింది.

నూనె తాగితే వికారం, సూదిమందుగా ఇస్తే తీవ్రమైన నొప్పి. దాని ఆమ్లాలను శరీరం సులభంగా గ్రహించే ఎస్టరులుగా మార్చే పద్ధతిని హవాయిలో ఆలిస్ బాల్ అనే యువతి రూపొందించింది. 1916లో, 24 ఏళ్లకే ఆమె మరణించింది. ఆమె పేరు చెప్పకుండానే ఇతరులు ఆ ఫలితాలను ప్రకటించుకున్నారు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ నడిపిన కుష్ఠు వైద్యశాలలోనూ ఈ గింజల నూనెయే రోగుల ఆశాకిరణమైంది.

అయితే, కుష్ఠు సూక్ష్మజీవి నేటికీ కృత్రిమ మాధ్యమంలో పెరగదు. గాజుపళ్లెంలో ఔషధాన్ని దానిపై పరీక్షించే మార్గం లేదు. 1920లో వాకర్, స్వీనీలు దాని సజాతీయులైన క్షయ వర్గపు సూక్ష్మజీవులపై ఈ ఆమ్లాల ప్రభావాన్ని చూపారు. 1960లో షెపర్డ్ ఎలుక పాదంలో కుష్ఠు సూక్ష్మజీవిని పెంచిన తరువాతనే ప్రత్యక్ష పరీక్ష సాధ్యమైంది. 1975లో వెలువడిన ఫలితాలు ఈ ఆమ్లాలకు నిరోధకశక్తి ఉన్నదని ధ్రువపరచాయి.

అప్పటికే 1940లలో వచ్చిన సల్ఫోనులు నూనె స్థానాన్ని ఆక్రమించాయి. గుణమున్నదని తేలడం వేరు, రోగిని స్వస్థపరచడం వేరు. ఔషధీ బీజాల సారాలను నేడు పరీక్షించే శాస్త్రజ్ఞులకు తువరక చరిత్ర మూడు హెచ్చరికలు చేస్తున్నది: గింజను సరిగా గుర్తించాలి, అసలు శత్రువుపైనే పరీక్షించాలి, శ్రమించినవారి పేరు మరువరాదు.